నోరులేని జీవులకు నీడ

మనసులో జాలి పుట్టినంత మాత్రాన మూగజీవి గాయం మానదు. దానికి నీరు, మేత, మందు, నీడ కావాలి. వాటిని వేళ తప్పక అందించే మనిషి కావాలి. కనుమనాడు పశువుల కొమ్ములకు రంగులు పూసి పూజించే చేతులే ముసలి ఎద్దును రహదారి పక్కన వదిలిపెడుతున్న కాలమిది. ఇటువంటి జీవులను చేరదీసే సంరక్షణశాలను దయగల కొందరు చేసే పుణ్యకార్యంగా చాలామంది భావిస్తారు. నిజానికి అది ఊరంతా పంచుకోవలసిన బాధ్యత.

ఈ భావన తెలుగునేలకు కొత్తది కాదు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం అందించే ఏర్పాటు చేసినట్లు తన శాసనాలలో చెప్పుకున్నాడు. ఆ శాసనాలు కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికీ ఉన్నాయి. అనకాపల్లి సమీపంలోని శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండలపై వెలసిన బౌద్ధారామాలు అహింసను బోధించిన కాలానికి గుర్తులు. తరువాతి కాలంలో పల్లెల్లో బందెలదొడ్డి వచ్చింది. చేలో పడిన పశువును అందులో కట్టివేసేవారు. యజమాని అపరాధ రుసుము చెల్లించి విడిపించుకొనేవాడు. బందెలదొడ్డి పంటను కాపాడింది గాని పశువును కాపాడలేదు. నేటి సంరక్షణశాల పూరించవలసిన లోటు అదే.

అనకాపల్లి బెల్లానికి పేరు పొందిన ప్రాంతం. ఒకప్పుడు ఇక్కడ చెరకు తోట దున్నినా, గానుగ తిప్పినా, బెల్లం దిమ్మలను బండిపై మార్కెట్టుకు చేర్చినా అది ఎద్దు కష్టమే. యంత్రాలు రాగానే ఆ కష్టం తీరింది. దానితోపాటే ఎద్దు విలువా తీరిపోయింది. పాలివ్వని ఆవుకు, దున్నని ఎద్దుకు, పుట్టిన కోడెదూడకు మేత వేయడం చిన్న రైతుకు భారమైంది. రైతు నిర్దయుడని దీని అర్థం కాదు. అతని పేదరికమే పశువును వీధిలోకి నెడుతోంది. ఊరిమీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై రాత్రివేళ పడుకొన్న పశువు తాను ప్రమాదానికి గురికావడమే గాక, వాహనదారుల ప్రాణాలకూ ముప్పు తెస్తుంది.

భక్తి సైతం ఆలోచన లేకపోతే హింసగా మారవచ్చు. ఉత్తరాంధ్ర రైతులు సింహాచలం అప్పన్నకు కోడెదూడలను మొక్కుగా సమర్పించడం అనాదిగా వస్తున్న ఆచారం. తల్లి పాలు మరువని పసిదూడను అంతదూరం తీసుకొనిపోయి విడిచివస్తే, అది బతకడం కష్టం. దూడ పెరిగి, మేతకు అలవాటు పడిన తరువాత సమర్పించినంత మాత్రాన స్వామికి మొక్కు తీరకపోదు.

సంరక్షణశాలలో దినచర్య తెల్లవారకముందే మొదలవుతుంది. మొదట పేడ ఎత్తి, కొట్టం కడగాలి. రాత్రి లేవలేకపోయిన పశువును పక్కకు తిప్పాలి. లేకుంటే ఒరిపిడికి పుండ్లు పడతాయి. కొత్తగా వచ్చిన జీవిని వేరుగా ఉంచి గమనించాలి. అంటువ్యాధి ఒకదాని నుంచి మందకంతటికీ పాకగలదు. పురుగు పట్టిన గాయాలను కడిగి, పురుగులు తీసి, మందు వేసి కట్టు కట్టాలి. మేత మానివేసి, పొట్ట ఉబ్బిన ఆవు కడుపులో తరచుగా ప్లాస్టిక్ సంచులు ఉంటాయి. ఎంగిలి మెతుకులను సంచిలో కట్టి పారవేసిన చేతులకు ఆ సంగతి తెలియదు; శస్త్రచికిత్స చేసే పశువైద్యుడికే తెలుస్తుంది.

ఖర్చు మరో సమస్య. మూడువందల కిలోల బరువున్న పశువుకు రోజుకు సుమారు ఆరేడు కిలోల ఎండుమేత కావాలి. నూరు పశువులున్న శాలకు రోజుకు ఏడువందల కిలోలు, ఏడాదికి రెండువందల యాభై టన్నులు అవసరమన్నమాట. చెరకు నరికే నెలల్లో పచ్చి ఆకు దొరుకుతుంది. వేసవిలో వరిగడ్డి ధర పెరుగుతుంది, నీరు తగ్గుతుంది. పశువు ఆకలి మాత్రం తగ్గదు. పుట్టినరోజునాడు ఒకసారి పండ్లు తినిపించి ఛాయాచిత్రం తీయించుకొనే దాత కంటె, నెలనెలా ఒక గడ్డిమోపు పంపే రైతే శాలకు మేలు చేసినవాడు.

కుక్కల విషయంలో కరుణతోపాటు శాస్త్రీయ దృష్టి అవసరం. 1996లో విశాఖపట్నంలో ప్రదీప్ కుమార్ నాథ్ స్థాపించిన జంతు సంరక్షణ సంస్థ వంటివి ఈ రంగంలో పనిచేస్తున్నాయి. కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేయాలని 2001లో, మళ్లీ 2023లో వచ్చిన నిబంధనలు నిర్దేశించాయి. పాఠశాలలు, ఆసుపత్రుల వంటి ఆవరణల నుంచి కుక్కలను తరలించి శాలలలో ఉంచాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. అంటే ఇటువంటి శాలల అవసరం ఇంకా పెరిగింది. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకా వేయించుకోవాలన్న సంగతి ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి.

“మనుషులకే దిక్కులేనప్పుడు పశువులకు శాలలా?” అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నలో బాధ ఉంది గాని న్యాయం లేదు. రోడ్డుపై పశువు లేకపోతే బతికేది మనిషే; కుక్కకు టీకా వేస్తే రక్షణ పొందేది బిడ్డే. ప్రాణులపట్ల కారుణ్యం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలివేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. అయితే మొదటి తప్పుకు ఆ చట్టం విధించిన జరిమానా పది నుంచి యాభై రూపాయలే! ఒక పూట మేతకైనా చాలని జరిమానా ఎవరిని ఆపగలదు?

అందువల్ల శాలల సంఖ్య పెంచడం ఒక్కటే చాలదు. పంచాయతీలు మేత పెంచడానికి కొంత భూమి కేటాయించాలి. పేద రైతు ముసలి పశువును ఇంటివద్దే పోషించుకొనేందుకు చేయూతనివ్వాలి. శాలలోని పేడను ఎరువుగా రైతులు కొనుక్కోవాలి. యువత సెలవుదినాలలో రెండు గంటలు అక్కడ పనిచేయాలి. విడిచిపెట్టేవారు ఊరంతా ఉండి, చేరదీసేవారు ఇద్దరే ఉంటే ఏ శాలా నిలవదు. పనిచేసినన్నాళ్లూ పశువు మనకు తన బలమిచ్చింది. బలముడిగిన తరువాత దానికి గుప్పెడు గడ్డి ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చుకోవడం.