జకార్తా రైతు మన శత్రువా?

పోయిన నెల విస్సన్నపేటలో పామాయిల్ గెలల ధర మీద తీర్మానం రాసుకుంటుంటే ఒక వాక్యం దగ్గర మాలో మాకే తగాదా వచ్చింది. "మలేషియా, ఇండోనేషియా రైతులు మన నోటికాడ కూడు లాక్కుంటున్నారు" అన్నది ఆ వాక్యం. రాసింది ఎవరో కాదు, ఎర్ర కండువా వేసుకున్న మనవాళ్ళే. అది తీసెయ్యాలని మేము కొందరం పట్టుబట్టాం. చేతులెత్తితే మేమే తక్కువయ్యాం. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

సుంకం దగ్గర మాకు పేచీ లేదు. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకాన్ని సెస్సులతో కలిపి 27.5 శాతానికి పెంచింది. ఏడాది తిరక్కముందే, 2025 మే నెలాఖరున 16.5 శాతానికి దించేసింది. మొక్క పెట్టాక మూడు నాలుగేళ్ళు కాపు చూడని పంట, పాతికేళ్ళు భూమిని వదలని పంట. దాని మీద తొమ్మిది నెలలకో మాటా? మామిడి కొట్టేసి ఈ చెట్టు పెట్టినవాళ్ళు ఎవర్ని నమ్మి పెట్టారు? సుంకం పెంచమని గట్టిగానే అడగాలి. కానీ తగ్గించమని అడిగింది జకార్తా రైతు కాదు. ముడినూనె తెప్పించుకుని శుద్ధి చేసి అమ్ముకునే కంపెనీలవాళ్ళు. తగ్గించింది ఢిల్లీ. ఆ రెండు పేర్లూ తీర్మానంలో లేవు!

2022 వేసవి గుర్తు తెచ్చుకోండి. ఏప్రిల్ 28న ఇండోనేషియా ప్రభుత్వం పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మూడు వారాల పైన ఆపింది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రావడం లేదు. మనకి గెలలు టన్ను 20 వేలు దాటాయి. అందరం సంతోషించాం, మేమూ సంతోషించాం, అబద్ధం ఎందుకు. అదే మే నెలలో అక్కడి చిన్న రైతులు గెలలకి ధర పడిపోయి, జకార్తా వీధుల్లోకొచ్చి నిరసన చేశారు. మన సంఘంలో ఒక్కరం కూడా ఆ మాట ఎత్తలేదు. నిషేధం తీశారు, నూనె బయటికొచ్చింది, ఆ ఏడాదిలోనే మన ధరా దిగింది. అక్కడా ఇక్కడా గెల కోసేది రైతూ కూలీ. ధర కదిలేది కౌలాలంపూర్ మార్కెట్‌లో.

ఇంకో సంగతి. ఆ మలేషియా తోటల్లో మనవాళ్ళ చెమట కూడా ఉంది. తెల్లదొరల కాలంలో విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగు కూలీలను మలయా ఎస్టేట్లకి ఓడల్లో తీసుకుపోయారు. కొబ్బరి తోటల్లో, రబ్బరు తోటల్లో వాళ్ళు వంగిపోయారు. తర్వాత ఆ రబ్బరు చాలాచోట్ల తీసేసి పామాయిల్ వేశారు. వాళ్ళ పిల్లల పిల్లలు అక్కడే ఉన్నారు, 1955లో పెట్టుకున్న తెలుగు సంఘం ఇప్పటికీ నడుపుకుంటున్నారు. ఇవాళ ఆ తోటల్లో గెలలు కోసేది ఎక్కువగా ఇండోనేషియా, బంగ్లాదేశ్ వలస కూలీలు. మన నోటికాడ కూడు లాక్కునేది వీళ్ళా?

ఒకప్పుడు మనం ఇలా మాట్లాడేవాళ్ళం కాదు. సోవియట్ కూలిపోయి క్యూబాకి తిండి గింజలు కరువైనప్పుడు, 1992లో సూర్జీత్ పూనుకుంటే 10 వేల టన్నుల గోధుమలు పోగై ఓడెక్కాయి. అప్పులున్న రైతులే ఆ గింజలిచ్చారు. "మనకే లేదు, వాళ్ళకెందుకు" అన్న మాట అప్పుడూ వినపడే ఉంటుంది. అయినా ఇచ్చారు.

తప్పు మన పాతతరంలోనూ ఉంది, దాచుకోవాల్సిన పనిలేదు. అంతర్జాతీయత అంటే మాస్కో ఒప్పా పెకింగ్ ఒప్పా అన్న వాదంగా మార్చేశారు. 1964 జులైలో తెనాలి సమావేశం, ఆ తర్వాత పార్టీ చీలిక, వాటికి కారణాలు చాలా ఉన్నాయి గానీ అందులో ఇదీ ఒకటి. మాస్కోలో వానపడితే ఇక్కడ గొడుగు పడతారని ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళు. రాజధానులతో స్నేహం చేశాం, అక్కడి రైతుతో చెయ్యలేదు. రాజధాని కూలేసరికి స్నేహమూ పోయింది. ఇప్పుడు మిగిలింది మేడే రోజు జెండా, పాలస్తీనా మీద ఒక ప్రకటన. ఖాళీ అయిన ఆ చోట్లోకి "విదేశీయుడే శత్రువు" అన్న మాట వచ్చి కూర్చుంది. అది ఎవరి మాటో మనకి తెలియదా?

జకార్తాలోనూ రైతు సంఘాలున్నాయి. ప్రపంచ రైతు సంస్థ లా వియా కాంపెసీనా కార్యాలయం 2004 నుంచి 2013 దాకా అక్కడే ఉంది. ఆ సంస్థ ఏళ్ళ తరబడి పోరితేనే 2018 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి రైతుల హక్కుల ప్రకటన చేసింది. మన దేశమూ దానికి ఓటేసింది. మన మండలంలో దాన్ని చదివినవాళ్ళు ఎందరు?

వచ్చే సమావేశానికి మేము రెండు కాగితాలు తెస్తున్నాం. ఒకటి ఆ వాక్యం కొట్టేసి, అక్కడ రిఫైనరీలనీ కేంద్రాన్నీ నిలదీసిన తీర్మానం. రెండోది ఇండోనేషియా పామాయిల్ రైతుల సంఘానికి ఉత్తరం. మీకు టన్నుకి ఎంత ముడుతోంది, మిల్లువాడు ఎంత కోస్తున్నాడు, ఎగుమతులు ఆపినప్పుడు ఎలా బతికారు అని అందులో అడిగాం. ఇంగ్లీషులోకి మార్చడానికి కాలేజీ చదివే పిల్లలెవరైనా ఉంటే పంపండి.