కొడుకులకు రుఖ్సతీ లేదు

ఇంటర్ పరీక్షలయ్యాక మా ఆపా కొడుకు సెలవులకి మా ఇంటికొచ్చాడు. ఒక రాత్రి వాడి గదిలోంచి ఒకటే నవ్వు. తలుపు తోస్తే టక్కున లాప్‌టాప్ మూసేశాడు.

"ఏం పిక్చర్‌రా అది?"

"సూపర్‌బ్యాడ్. మీరు చూసేది కాదు మామూ."

మర్నాడు ఒక్కడినే కూర్చుని చూశాను. వాడన్నది సచ్. అమ్మీ, అబ్బాతో కలిసి చూసే పిక్చర్ కాదది. మొదలవడమే బూతులతో మొదలవుతుంది. అమెరికాలో కూడా దానికి 'ఆర్' సర్టిఫికెట్ ఇచ్చారు. పదిహేడేళ్లు నిండని పిల్లలు పెద్దవాళ్లు తోడు లేకుండా థియేటర్‌కి వెళ్లడానికి లేదు. అయినా ఆఖరి సీన్ దగ్గర నా గొంతు పట్టేసింది. ఎందుకో చెప్తాను.

2007లో వచ్చిందీ పిక్చర్. డైరెక్టర్ గ్రెగ్ మొటోలా. రాసినవాళ్లు సేథ్ రోగన్, ఇవాన్ గోల్డ్‌బర్గ్. ఇద్దరూ బచ్‌పన్ దోస్తులు. పదమూడేళ్లప్పుడే దీన్ని రాయడం మొదలుపెట్టారు. అందుకే పిక్చర్‌లో కుర్రాళ్లకి తమ పేర్లే పెట్టుకున్నారు. సేథ్‌గా జోనా హిల్, ఇవాన్‌గా మైకేల్ సెరా చేశారు.

కథ చిన్నదే. హైస్కూల్ అయిపోవస్తోంది. ఇవాన్‌కి డార్ట్‌మత్ కాలేజీలో సీటొచ్చింది, సేథ్‌కి రాలేదు. ఇంతలో జూల్స్ అనే అమ్మాయి ఇంట్లో పార్టీ. షరాబ్ తెచ్చే బాధ్యత సేథ్ నెత్తిన వేసుకుంటాడు. అక్కడ 21 ఏళ్లు నిండనివాళ్లకి షరాబ్ అమ్మరు. మూడో దోస్తు ఫోగెల్ ఒక దొంగ కార్డు చేయించుకొస్తాడు. దానిమీద వయసు 25, పేరు ఉత్త 'మెక్‌లవిన్'. ముందూ వెనకా ఇంకేం లేదు! ఇక ఆ రాత్రంతా పరేషానీయే.

పైకి చూస్తే అమ్మాయిల కోసం, సీసాల కోసం పరుగు. లోపల నడిచేది జుదాయి భయం. సేథ్ నోటికి అడ్డూ ఆపూ లేదు, కానీ అసలు మాట ఒక్కటీ బయటికి రాదు. కాలేజీలో ఇవాన్ ఫోగెల్‌తో కలిసి ఒకే గదిలో ఉండబోతున్నాడు. ఆ సంగతి సేథ్ దగ్గర దాచారు. అది బయటపడ్డాక జరిగే కొట్లాటలో గుస్సా తక్కువ, గమ్ ఎక్కువ. నువ్వు వెళ్లిపోతే నాకెవరున్నారని అడగడానికి ఆ పిల్లాడికి జబాన్ లేదు. అందుకే బూతులు మాట్లాడతాడు.

ఆడపిల్లకైతే రుఖ్సతీ ఉంటుంది. ఆ రోజు ఇల్లంతా ఏడుస్తుంది, ఎవరూ తప్పు పట్టరు. మగపిల్లాడు పెట్టె సర్దుకుని హాస్టల్‌కి పోయే రోజున స్టేషన్‌లో చెయ్యి ఊపి పంపేస్తాం. వాడు తన జిగ్రీ దోస్తుని వదిలి వెళ్తున్నాడన్న ఖయాల్ కూడా మనకి రాదు. మగపిల్లల రుఖ్సతీని చూపించే పిక్చర్లు తక్కువ. ఇది వాటిలో ఒకటి.

ఇంకో మాట. ఇంత బేషరమ్‌గా కనిపించే పిక్చర్ ముఖ్యమైన చోట హయా మరిచిపోలేదు. బెక్కా తాగిన మత్తులో దగ్గరికొస్తే ఇవాన్ వెనక్కి తగ్గుతాడు. ఇవతల సేథ్ తాగి ముద్దు పెట్టబోతే జూల్స్ ఆపేస్తుంది. తన ఇంట్లోనే పార్టీ, ఆమె మాత్రం చుక్క ముట్టదు. మత్తు దేనికి పనికొస్తుందని వీళ్లు రాత్రంతా ఉరికారో, అది సరిగ్గా అక్కడే పనికిరాకుండా పోతుంది. నసీహత్ ఏమీ చెప్పకుండానే ఈ సంగతి మనసులో నాటుతుంది.

అలాగని అన్నీ మాఫ్ చేయలేను. ఆడపిల్లల గురించి ఆ కుర్రాళ్ల మాటలు చాలాచోట్ల సామాను బేరంలా ఉంటాయి. పోలీసుల ఆగడాలని నవ్వులాటగా చూపించడమూ నచ్చలేదు. మన పిల్లలు ఆ జబాన్ నేర్చుకుంటారేమోనన్న ఫికర్ కూడా తప్పు కాదు. నిజానికి వాళ్లు మన గల్లీలోనే నేర్చుకున్నారు, మన ముందు మాట్లాడరంతే.

పార్టీకి పోలీసులొచ్చినప్పుడు ఒళ్లు తెలియని ఇవాన్‌ని సేథ్ మోసుకుని బయటికి పరిగెడతాడు. ఆ రాత్రి ఇవాన్ ఇంట్లో పక్కపక్కన పడుకుని ఒకరంటే ఒకరికి ముహబ్బత్ అని చెప్పుకుంటారు, నవ్వుకుంటూనే. మర్నాడు షాపింగ్ మాల్‌లో అమ్మాయిలిద్దరూ ఎదురవుతారు. ఎవరి జోడీతో వాళ్లు విడిపోతారు. ఎస్కలేటర్ మీద కిందికి దిగుతూ సేథ్ వెనక్కి తిరిగి ఇవాన్‌ని చూస్తాడు. కోరుకున్నది దొరికింది, దోస్తు దూరమయ్యాడు. ఆ చూపు కోసమే ఈ పిక్చర్ తీశారనిపించింది.

పిల్లల్ని కూర్చోబెట్టి ఈ పిక్చర్ చూపించమని చెప్పను. వాళ్లు చూస్తుండగా పట్టుకుంటే మాత్రం బూతు దగ్గరే ఆగిపోకండి, ఆఖర్లో ఏమైందో అడగండి. నేను అడిగాను. మా వాడు కాసేపు ఖామోష్‌గా ఉండి, తన దోస్తు చెన్నైలో చేరుతున్నాడని, తనకి అక్కడ సీటు రాలేదని చెప్పాడు. రెండు నెలలుగా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి అది.

ఆ దోస్తుని జుమ్మా రోజు దావత్‌కి పిలవమన్నాను. వచ్చాడు. ఇద్దరూ గేటు దగ్గరే ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం మొదలుపెట్టారు. నేను విననట్టు లోపలికొచ్చేశాను.