బంజారాహిల్స్‌కు బండలే ఆస్తి

హైదరాబాద్‌కు పడమటన ఉన్న బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టల మీద వెలిశాయి. పైన మట్టి పలచన, సేద్యానికి పనికిరాని నేల. అక్కడ పశువులు మేపుకుంటూ బతికిన బంజారాలు, అంటే లంబాడీల పేరే ఆ కొండలకు స్థిరపడింది. తెలంగాణలోకెల్లా ఖరీదైన చిరునామాల్లో ఒకటి సంచార జాతి పేరుతో ఉందన్నది మరవరాని సంగతి.

ఆ గుట్టల మీద కాపురం ఉండవచ్చని నిజాం కాలంలో చూపించినవారు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. 1960లో గుజరాత్ తొలి గవర్నర్ అయింది ఈయనే. బండలను పగలగొట్టకుండా, వాటినే గోడల్లో కలుపుకుని ఆయన ఇల్లు కట్టించారు. 1933లో హైదరాబాద్ వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయనకు అతిథి. నవాజ్ జంగ్ బాటలోనే మరికొందరు సంపన్నులు, ఉన్నతాధికారులు కొండెక్కారు.

జూబ్లీహిల్స్ ఎదిగిన తీరు వేరు. 1960ల్లో ఐఏఎస్ అధికారి చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో ఏర్పడిన గృహ నిర్మాణ సహకార సంఘం, దాదాపు 1,400 ఎకరాల్లో సభ్యులకు స్థలాలు ఇచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. మద్రాసు నుంచి తెలుగు సినిమా తరలివచ్చే కొద్దీ ఫిల్మ్‌నగర్ నిండింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఐటీ సంపాదన కూడా ఇటే మళ్లింది.

స్థలం ధర పెరిగిన కొద్దీ బండ అడ్డుగా తోచింది. తోటల మధ్య ఉన్న బంగళాలు పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. రోడ్ నంబర్ 36 వంటి ఇళ్ల వీధులు దుకాణాల బారులయ్యాయి. వానకు గుట్ట మీద నుంచి జారిన నీరు పల్లంలోని కుంటలకు చేరేది. గుట్టను చదును చేసి, కాలువను మూసి కట్టినచోట ఆ నీరు రోడ్డెక్కుతుంది.

ఈ కొండల పాత రూపం విస్తారంగా మిగిలింది కేబీఆర్ జాతీయ ఉద్యానంలోనే. చిరాన్ ప్యాలెస్ ఉన్న ఆ అడవిని, సుమారు 390 ఎకరాలను, 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. నగర వారసత్వ జాబితాలో కొన్ని రాతి అమరికలకూ చోటు దక్కింది. ఉద్యానం వెలుపల, ఇళ్ల ఆవరణల్లో మిగిలిన బండలకూ అదే రక్షణ కావాలి. కూల్చిన ఇంటిని మళ్లీ కట్టవచ్చు, పగిలిన బండను అతికించలేరు.