అడగండి – చెబుతాం: అంకెల గొట్టం

మహబూబ్‌నగర్ పాఠకులొకరి ప్రశ్న: "పాత కౌంటరులోని నిక్సీ గొట్టానికి బి.సి. 548 ట్రాన్సిస్టర్లు తగిలించాను. 5 వెలగవలసినచోట తక్కిన అంకెలూ మసకగా కనిపిస్తున్నాయి. గొట్టం పాడైందా?"

గొట్టం నిక్షేపంగా ఉందండీ! 1955లో బరోస్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన ఈ నియాన్ గొట్టంలో పది అంకెలూ పది కాథోడ్లు. వెలిగించడానికి సుమారు 170 వోల్టులు కావాలి. మీ ట్రాన్సిస్టరు ఓర్చుకొనేది 30 వోల్టులే. ఆపైన, తూము సరిగా మూసుకోని చెరువులా, ఆపినా కరెంటు కారుతూనే ఉంటుంది. 300 వోల్టుల ఎం.పి.ఎస్.ఏ. 42 వేయండి. పాత 74141 చిప్ దొరికితే మరీ సుఖం. అది సుమారు 60 వోల్టులకే నెగ్గుకొస్తుంది. వెలిగే అంకె ఆనోడు వోల్టేజిని దించి ఉంచుతుంది గనుక, ఆరినవాటిని ఆ మాత్రం ఎత్తితే చాలు. ఆనోడుకు రెసిస్టరు మరవకండి. చెయ్యి పెట్టేముందు ప్లగ్గు తీసి, కండెన్సరు ఖాళీ అయ్యేదాకా ఆగండి.