ఏజెంటుకు అర్థమయ్యేలా రెండు లైన్లు రాయగలరా?

ఏఐ ఏజెంట్ తయారుచేశానని రెజ్యూమేలో రాసుకోవడం ఇప్పుడు పెద్ద కష్టమేం కాదు. ఒక వీడియో చూసి, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆ ఏజెంటుకు ఇచ్చిన టూల్స్‌కు డిస్క్రిప్షన్ ఏం రాశారు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. దాన్నొక పనిగానే లెక్కెయ్యరు మరి. నన్నడిగితే అసలు పని అదే.

ఫిర్యాదు వస్తే సపోర్ట్ సిస్టమ్‌లో ఒక టికెట్ తయారవుతుంది. దాన్ని వెతకడం, ఒకరికి అప్పగించడం, జవాబు పెట్టడం, మూసెయ్యడం.. ఒక్కోదానికీ ఒక్కో టూల్. ఆ టూల్ లోపల మీరు రాసిన కోడ్ ఏజెంటుకు కనపడదు. కనపడేవి పేరు, వివరణ, ఏయే వివరాలు ఇవ్వాలో చెప్పే స్కీమా, అంతే. 2023లో ఓపెన్ఏఐ ఫంక్షన్ కాలింగ్ తెచ్చినప్పుడూ ఇంతే, 2024 నవంబరులో ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ విడుదల చేశాకా ఇంతే.

మన జిల్లాలో కరెంటు సమస్య వస్తే 1912కు ఫోన్ చేస్తాం. అలాంటి ఫిర్యాదులు చూసే ఏజెంటును మీరే కడుతున్నారనుకుందాం. జమ్మలమడుగు పక్క రైతు ఒకాయన "సింగిల్ ఫేజే వస్తాంది, మోటరు ఆడ్డం లేదు" అంటాడు. మీ టూల్ వివరణలో "కరెంటు లేనప్పుడు వాడాలి" అని మాత్రమే ఉంది. ఇక్కడ కరెంటు ఉంది కదా! కాబట్టి ఇది మోటరు రిపేరు సంగతి, మనది కాదు అని ఏజెంటు టికెట్ మూసేసే ప్రమాదముంది. పైరు మాత్రం ఎండిపోతుంది. "త్రీఫేజ్‌లో ఒక ఫేజ్ పోయినా, లోవోల్టేజీ ఉన్నా ఇదే వాడాలి" అని ఒక్క లైను అక్కడ ఉంటే చాలు. ఆ లైను రాయగలిగేది సింగిల్ ఫేజ్ అంటే ఏంటో ఇంట్లో విని పెరిగినవాళ్లే. కోచింగ్‌లో చెప్పరు.

స్టేటస్ మార్చే టూల్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. జెన్‌డెస్క్‌లో 'సాల్వ్‌డ్' వేరు, 'క్లోజ్‌డ్' వేరు. సాల్వ్‌డ్ టికెట్‌కు కస్టమర్ జవాబిస్తే మళ్లీ తెరుచుకుంటుంది. క్లోజ్‌డ్ అయ్యిందంటే ఇక తెరవలేరు. "టికెట్ స్టేటస్ మారుస్తుంది" అని రాసి వదిలేస్తే ఈ తేడా ఏజెంటుకు ఎక్కడ తెలుస్తుంది? ఇలా రాసి చూడండి (అసలు కోడ్‌లో ఇంగ్లిష్‌లోనే రాస్తారనుకోండి): "సమస్య తీరిందని కస్టమరే చెప్పినప్పుడు సాల్వ్‌డ్ పెట్టాలి. లైన్‌మన్ వెళ్లాడన్న సమాచారం ఒక్కటే చాలదు. టికెట్ నంబరు తెలియకపోతే ఊహించొద్దు, ముందు సెర్చ్ టూల్‌తో వెతకాలి. కస్టమర్‌కు మెసేజ్ పంపడానికి ఇది వాడొద్దు." ఎప్పుడు వాడకూడదో చెప్పడమే ఇందులో ఎక్కువ ఉంది, గమనించారా?

ఊళ్ల పేర్లది ఇంకో తలనొప్పి. స్కీమాలో 'ఏరియా' అని పెట్టారు, ఏజెంటు 'పులివెందుల' అని నింపింది. పట్టణమా, మండలమా, రెవెన్యూ డివిజనా, నియోజకవర్గమా? నాలుగింటికీ అదే పేరు. జమ్మలమడుగుదీ అదే కథ. జిల్లా పేరైతే చెప్పక్కర్లేదు. పాత రికార్డుల్లో ఇంగ్లిష్ స్పెల్లింగు 'కడ్డపా', 2005లో అది 'కడప' అయింది, 2010లో వైఎస్సార్ జిల్లా, 2025లో వైఎస్సార్ కడప. పాత టికెట్లు వెతికే టూల్‌కు ఇవన్నీ ఒకటేనని చెప్పకపోతే సగం దొరకవు. ఏరియా బదులు 'మండలం' అని పెట్టి, జాబితా ఇచ్చేయండి.

అలాగని వివరణే అన్నీ కాపాడుతుందనుకోవద్దు. ఏజెంటు దాన్ని పాటించకపోనూ వచ్చు. వెనక్కి తీసుకోలేని పనికి, అంటే టికెట్ డిలీట్ చెయ్యడం, డబ్బు వాపసివ్వడం లాంటివాటికి, మనిషి సరే అనాలన్న నియమం కోడ్‌లోనే ఉండాలి.

ఎల్1 సపోర్టు ఉద్యోగం మన దగ్గర చాలామందికి మొదటి మెట్టు. ఆ పనిలో కొంత ఏజెంట్ల చేతికి పోతోంది, దాచుకునేదేం లేదు. 2025 జనవరిలో మన మిత్ర మొదలయ్యాక ప్రభుత్వ సేవలే వాట్సాప్‌లోకి వచ్చేశాయి. ప్రొద్దుటూరు వైవీయూ కాలేజీలోనో, పులివెందుల జేఎన్‌టీయూలోనో చదువుతున్నవాళ్లకు ఖర్చు లేని ప్రాజెక్టు ఒకటి చెప్తాను. ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు మాట్లాడే తీరులోనే ఇరవై ఫిర్యాదులు రాసుకోండి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసెయ్యండి. నాలుగైదు డమ్మీ టూల్స్ పెట్టి, ప్రతి ఫిర్యాదుకూ ఏది సరైన టూలో ముందే రాసిపెట్టుకొని, మోడల్ ఏది ఎంచుకుందో చూడండి. తప్పితే ఒకసారికి ఒక్క వివరణే మార్చి మళ్లీ నడపండి. మొదట ఇరవైలో ఎన్ని సరిపోయాయి, చివరికి ఎన్ని, ఏ మాట మార్చితే ఏది సర్దుకుంది.. ఆ పట్టికను గిట్‌హబ్‌లో పెట్టి, లింకు రెజ్యూమేలో మొదటి పేజీలోనే ఇవ్వండి.