మోటారు కంటే ముందు ప్రొపెల్లర్
ఫైబర్ తెప్పకు 9.9 హెచ్‌పీ మోటారు తీసేసి 25 హెచ్‌పీది బిగిస్తే వేటకు వేగంగా వెళ్లి రావచ్చన్న ఆశ సహజమే, కానీ లెక్కకు నిలవదు. వలలు, ఐసు, మనుషులతో నిండిన తెప్ప నీటిని చీల్చుకుంటూ పోతుంది తప్ప నీటిపైకి లేచి జారదు. ఒక వేగం దాటాక అదనపు శక్తంతా ముందు అలను పెంచడానికే ఖర్చవుతుంది, వెనుక భాగం కుంగుతుంది. టూ స్ట్రోక్ చిన్న మోటారు పూర్తి జోరులో గంటకు సుమారు 4 లీటర్లు తాగితే, పెద్దది 10 దాకా తాగుతుంది. ఒడ్డు కెరటాలు దాటాలంటే బలం వద్దా అంటారు. కావాలి, అది ప్రాణాలకు సంబంధించిన మాట. అయితే అక్కడ అక్కరకొచ్చేది వేగం కాదు, తోపు. బరువుకు తగ్గట్టు పిచ్, అంటే ఒక్క చుట్టుకు ముందుకు కదిలే దూరం, తగ్గించిన ప్రొపెల్లర్ పాత మోటారుతోనే ఆ తోపును పెంచుతుంది. అప్పు చేసే ముందు నిండు బరువుతో ఆ ఒక్కటీ మార్చి చూడండి.