ఫోను మన చేతిలో... నంబరు ఎవరి పేరున?

ఇంట్లో కొత్త ఫోను కొనాలంటే ఎంత చర్చ జరుగుతుందో మీకు తెలియంది కాదు. కెమెరా ఎలాంటిది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఛార్జింగ్ ఎన్ని నిమిషాల్లో ఎక్కుతుంది... ఇంటర్ చదివే అబ్బాయి దగ్గర్నుంచి పక్కింటి అన్నయ్యగారి దాకా తలో మాటా చెబుతారు. తీరా కొన్నాక అది ఎవరి జేబులోకి వెళుతుంది? కొత్తది ఆయనకి, ఆయన పాతది అబ్బాయికి, అబ్బాయి వాడి వదిలేసింది... అద్దం మూల పగిలి, సాయంత్రానికల్లా ఛార్జింగ్ అయిపోయేది... అమ్మకి! పైగా "నీకేముందిలే, మాట్లాడుకోవడానికేగా!" అని ఓ మాట.

మాట్లాడుకోవడానికేనా? గ్యాస్ బుక్ చేయడం, పిల్లల స్కూలు వాట్సాప్ గ్రూపు, డ్వాక్రా సంఘం కబురు, కరెంటు బిల్లు, కూరగాయల బండి దగ్గర ఫోన్‌పే... ఇల్లు నడిపే పనుల్లో సగం ఇప్పుడు ఆ పగిలిన అద్దం మీదే జరుగుతున్నాయి. చీర కొనాలంటే అంచు, కొంగు, నేత, రంగు దిగుతుందా లేదా... ఇన్ని చూస్తాం. మరి ఫోను దగ్గరికొచ్చేసరికి ఎవరో ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోవడమెందుకు?

నన్నడిగితే మనం చూసుకోవాల్సినవి మూడు. ఏ అక్షరాలతో రాస్తాం, ఏ కంపెనీ సిగ్నల్ మనింట్లోకి వస్తుంది, ఆ నంబరు ఎవరి పేరున ఉంది. మూడోదే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను, ముందు మొదటి రెండూ చూద్దాం.

కళ్లు... కల్లు!

తెలుగులో ఆలోచిస్తాం, తెలుగులో మాట్లాడుకుంటాం. మెసేజీ పెట్టాల్సి వచ్చేసరికి మాత్రం తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాం. దినపత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేసే అత్తగారు, కోడలు పంపిన రెండు లైన్లు చదవలేక మనవణ్ని పిలవాల్సి వస్తోంది. ఇది ఆవిడ లోపమా?

తెలుగు కీబోర్డు కోసం వేరే ఫోను అక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే గూగుల్ వారి జీబోర్డ్‌లో సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు చేర్చుకుంటే చాలు, నాలుగు దారులు దొరుకుతాయి. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తనే తెలుగులోకి మార్చేది మొదటిది. అలవాటైన చేతికి ఇది హాయి. కాకపోతే ల, ళల తేడా. న, ణల తేడా అది ఊహించుకోవాల్సిందే. "కళ్లు మండుతున్నాయి" అనబోతే "కల్లు" అని పడిందనుకోండి... మావగారికి పంపేముందు ఓసారి చదువుకోవడం మంచిది! రెండోది నేరుగా తెలుగు అక్షరాలే ఉండే కీబోర్డు. మొదటి వారం విసుగొస్తుంది, ఆ తర్వాత తప్పులు తగ్గిపోతాయి. మూడోది పలక మీద దిద్దినట్టు అద్దం మీద వేలితో రాయడం. పెద్దవాళ్లకు నేర్పాలంటే ఇంతకన్నా సులువైంది లేదు.

నాలుగోది నోటితో చెబితే అదే రాసుకోవడం. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుతో సహా 8 భారతీయ భాషల్లో ఈ సౌకర్యం తెచ్చింది. చేతులు పిండిలో ఉన్నప్పుడు మహా ఉపకారి. కానీ ఒక్క మాట... నలుగురున్న ఇంట్లో అమ్మతో చెప్పుకోవాల్సిన కష్టాన్ని పైకి చదివి వినిపించలేం కదా! అందుకే వేళ్లతో రాయడం కూడా వచ్చి ఉండాలంటాను.

ఖరీదు చూసి మోసపోకండి. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం మెసేజీలో వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్ కాస్తా మూతపడిపోయేది. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే దాన్ని సరిచేసింది, అది వేరే సంగతి. ఎంత పెట్టి కొన్నా మన అక్షరం దాంట్లో సరిగ్గా పలుకుతుందో లేదో పరీక్షించుకునే హక్కు మనది. దుకాణంలో ఫోను చేతికివ్వగానే "స్త్రీ" అని రాయండి. చిన్న సైజులో కూడా ఆ వత్తులు విడివిడిగా కనబడితే, ఆ ఫోను మనకు పనికొస్తుంది!

నెలలు 12, రీఛార్జీలు 13

జియో, ఎయిర్‌టెల్, వి, బీఎస్ఎన్ఎల్... ఏది మంచిది? మీ వంటింట్లో ఏది పలికితే అది. ప్రకటనల్లో వేసే పటాలు చూసి కాదు, ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్లు చూసి తేల్చుకోవాలి. వెనక గదిలో, పిల్లల బడి దగ్గర, పుట్టింటి ఊళ్లో సిగ్నల్ ఎలా ఉందో అడగండి. హైదరాబాద్‌లో బ్రహ్మాండంగా వచ్చేది ఏజెన్సీ పల్లెలో పలక్కపోవచ్చు.

ధర సంగతికొస్తే, 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు మూడూ రేట్లు పెంచాయి. ఆ బరువు కనబడేదే. కనబడనిది ఇంకోటుంది. 28 రోజుల ప్లాను తీసుకుంటే ఏడాదికి 13 సార్లు రీఛార్జి చేయించాలి. జీతం వచ్చేది 12 సార్లే! అందుకే 30 రోజుల ప్లాను, ప్రతి నెలా ఒకే తేదీన చేయించుకునే ప్లాను తప్పనిసరిగా ఉంచాలని 2022 జనవరిలో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. డేటా అక్కర్లేని వాళ్లకు కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్లాన్లు ఇవ్వాలని 2024 డిసెంబరులో చెబితే, 2025 జనవరి నుంచి అవీ వచ్చాయి. బటన్ ఫోను వాడే నాన్నగారు వాడని డేటాకి డబ్బెందుకు కట్టాలి? దుకాణంవాళ్లు తమంతట తాము చెప్పరు, మనమే అడగాలి.

నచ్చకపోతే నంబరు మారకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి 20 నుంచి దేశమంతటా ఉంది. పోర్ట్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి, మన నంబరు వేసి 1900కి ఎస్సెమ్మెస్ పంపితే ఒక కోడ్ వస్తుంది. నాలుగు రోజుల్లోగా అది పట్టుకుని కొత్త కంపెనీ వారి దగ్గరికి వెళ్లాలి. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి, బాకీలుండకూడదు. అంతే!

ఇంతకీ ఆ సిమ్ ఎవరిది?

పోర్ట్ చేయించుకోవడానికి వెళ్లాక కౌంటర్‌లో అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలామందికి అప్పుడే తెలుస్తుంది, పదేళ్లుగా "నా నంబరు" అనుకుంటున్నది తనది కాదని!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశం మొత్తమ్మీద 54 శాతం. తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 49 శాతం. అంటే ఫోను ఉండటమే ఇంకా ఓ భాగ్యం. ఉన్నవాళ్లలో సిమ్ తమ పేరున ఉన్నదెందరికి? కొన్న రోజున నాన్న ఆధారో, అన్నయ్య ఆధారో, ఆయన ఆధారో ఇచ్చేశారు. ఆ తర్వాత బ్యాంకు, గ్యాసు, పెన్షను, అన్నీ ఆ నంబరుకే ముడిపడ్డాయి.

ఫోను పోయిందనుకోండి. అదే నంబరుతో కొత్త సిమ్ ఇవ్వాలంటే, ఎవరి పేరున ఉందో ఆ మనిషే రావాలి. ఆయన దుబాయ్‌లో ఉంటే? మా వీధిలో ఒకావిడ భర్త పోయిన నెలకే ఫోను పోగొట్టుకుంది. నంబరు ఆయన పేరున, ఓటీపీలన్నీ దానికే. తన ఖాతాలో తన డబ్బు కోసం మరణ ధ్రువపత్రం పట్టుకుని, అటు సిమ్ దుకాణానికీ ఇటు బ్యాంకుకూ తిరిగింది. కాపురం చెడి పుట్టింటికొచ్చేసిన అమ్మాయి సంగతి ఇంకా ఘోరం. సిమ్ పేరున్నవాడు దాన్ని ఆపించగలడు, అదే నంబరుతో ఇంకో సిమ్ తీసుకుని ఆమెకు రావాల్సిన ఓటీపీలు తను చూసుకోగలడు.

"మొగుడి పేరున ఉంటే ఏమైంది? ఆ మాత్రం నమ్మకం లేదా?" అంటారు కొందరు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరాన్ని మన పెద్దలు కూతురి పేరునే ఎందుకు రాయించారు? అల్లుడి మీద నమ్మకం లేకనా? కూతురికంటూ ఒకటి ఉండాలని! ఈ రోజుల్లో ఆ అరెకరం ఎంతో, ఈ పదంకెల నంబరూ అంతే.

మార్పించుకోవడం పెద్ద పనేం కాదు. 2023 మేలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన సంచార్ సాథీలో నంబరు కొట్టి, ఓటీపీ ఇస్తే మీ పేరున ఎన్ని కనెక్షన్లున్నాయో తెలుస్తుంది. మీకు తెలియని నంబరు మీ పేరున ఉన్నా అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. సిమ్ మీ పేరున లేకపోతే, ఉన్నవారిని వెంటబెట్టుకుని ఇద్దరి గుర్తింపు కార్డులతో కంపెనీ స్టోరుకు వెళ్లండి. ఆయన మంచి మూడ్‌లో ఉన్న ఆదివారం చూసుకుని వెళితే ఇంకా మంచిది! ఆ తర్వాత బ్యాంకుకు కూడా వెళ్లండి. మీ ఖాతాకు ఆయన నంబరు ఇచ్చి ఉంటే, మీ డబ్బు కబుర్లు ముందు ఆయనకే చేరుతున్నట్టు. అదీ మార్పించండి.

ఇంట్లో ఆడపిల్లకు 18 నిండాయా? ఓటరు కార్డుకు దరఖాస్తు పెట్టించే రోజునే తన పేరున ఓ సిమ్ కూడా తీయించండి. కొత్త ఫోనే కొనివ్వాలని నేననడం లేదు. అన్నయ్య వాడినదిచ్చినా ఫర్వాలేదు, నంబరు మాత్రం తనదై ఉండాలి. ఏమంటారు?